దొరగారికి మూత

ఆ సోమవారం పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లాయరుగారి కోటుకు చేతులు ఎక్కించాలి, భోజనం చేయాలి, ఒక కునుకు తీయాలి. తొమ్మిదిన్నరకు మిషను ముందు కూర్చున్నాడు. తొమ్మిదీ ముప్పై రెండుకు కోటు మీద చేప పడింది.

అది అల్లాటప్పా చేప కాదు. జానెడు పొడవు, వెండి ఒళ్ళు, పెదవి కింద రెండు మీసాలు. టైలరు అక్క దానికి దొరగారని పేరు పెట్టి మూడేళ్ళుగా పెంచుకుంటోంది. నాలుగు రోజులు ఊరికి వెళ్తూ గాజు తొట్టెతో సహా తమ్ముడి షాపులో దించింది. తమ్ముడంటే ఆవిడకు ప్రేమ ఎక్కువ, నమ్మకం తక్కువ. చిన్నప్పుడు ఆవిడ చిలుకకు గాలాడుతుందని పంజరం తలుపు తీసిపెట్టింది ఈ తమ్ముడే. చిలుక గాలితోపాటే వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళయినా ఆ మాట ఎత్తకుండా ఆవిడ ఈ షాపు గడప దాటలేదు. అందుకే, "మూలన పడేయొద్దురా, నీ కళ్ళెదురుగా ఉండాలి" అని షరతు పెట్టి, మిషను బిగించిన పొడుగు బల్ల మీదే తమ్ముడి కుడిచేతి పక్కన తొట్టె పెట్టించి మరీ వెళ్ళింది.

చిలుక తర్వాత చేప కూడా పోతే ఇక బతికినంత కాలం రెండు కథలు వినాలి. టైలరు పట్టుకోబోయాడు, చేప జారింది.

పక్కనే గుండీలు కుడుతున్న భార్య మాత్రం తడిగుడ్డతో దొరగారిని ఒడిసిపట్టి నీళ్ళలో వదిలింది. "ఏవండీ, ఈయనకి మూత కావాలి," అంది, సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

కోటును ఉతికి ఆరేసి టైలరు చేపల షాపుకు పరిగెత్తాడు. అక్కడ చెప్పిన ధరను మనసులో ప్యాంట్లలోకి మార్చుకుని చూసుకున్నాడు. అయిదు ప్యాంట్ల కుట్టుకూలి. దానికి లైటు కూడా ఉంటుందన్నాడు షాపువాడు. మా దొరగారు రాత్రిళ్ళు పేపరు చదవరని చెప్పి టైలరు వెనక్కి వచ్చేశాడు.

ఎదురు షాపు అద్దాల మేస్త్రిది. కిటికీలకు కోయగా మిగిలిన గాజు ముక్కలు అక్కడ గోడకు ఆనించి బోలెడు ఉంటాయి. డబ్బులొద్దు, ఒక ప్యాంటు కుట్టిపెడితే చాలన్నాడు మేస్త్రి. అయిదు ప్యాంట్ల మూత ఒక్క ప్యాంటుకు. టైలరు ఈల వేసుకుంటూ వచ్చి మెడలో టేపు తీసి తొట్టెను కొలిచాడు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. టేపు కింద రెండు వేళ్ళు దూర్చకుండా ఆయన జన్మలో ఏ కొలతా తీసుకోలేదు. మనిషన్నాక ఊపిరి పీల్చాలి, కూర్చోవాలి, కడుపునిండా తినాలి. అందుకు రెండు వేళ్ళ వదులు. తొట్టె ఈ మూడింటిలో ఏదీ చేయదన్న సంగతి ఆయనకు తట్టలేదు. నిలువుకు రెండు వేళ్ళు, అడ్డానికి రెండు వేళ్ళు కలిపి చీటీ మీద రాసిచ్చాడు.

మేస్త్రి పన్నెండేళ్ళుగా ఆయన కుట్టిన వదులు చొక్కాలే తొడుక్కుంటున్నాడు. చీటీ చూసి తనలో తాను నవ్వుకుని, రెండు వేళ్ళు తగ్గించి గీత గీశాడు. విషయం అక్కడితో ఆగితే మూత అతికినట్టు సరిపోయేది.

ఆగలేదు. మొగుడి సంగతి తెలిసిన ఇల్లాలు దారాల కోసం వెళ్తూ మేస్త్రి దగ్గర ఆగింది. "మేస్త్రిగారూ, ఆయన ఎలాగూ రెండు వేళ్ళు కలిపే రాసుంటారు. తగ్గించి కోయండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

తను అప్పటికే తగ్గించానని మేస్త్రి చెప్పలేదు. కట్టుకున్న మనిషి అంత దూరం వచ్చి చెప్పిందంటే ఇంకో రెండు వేళ్ళు ఉండే ఉంటాయనుకున్నాడు. తగ్గించాడు.

మంగళవారం పొద్దున మూత వచ్చింది. టైలరు దాన్ని రెండు చేతులా పట్టుకుని తొట్టె మీద పెట్టాడు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు అది లోపలికి వెళ్ళిపోయింది. లేచిన నీళ్ళు వచ్చి సరిగ్గా కొలతల పుస్తకం మీద పడ్డాయి. సిరాతో రాసుకున్న పుస్తకం. వీధిలో సగం మంది ఛాతీలు, నడుములు, చేతులు ఒకే నీలి మరకలో కలిసిపోయాయి.

దొరగారు ఒక మూలకు వెళ్ళి నిలబడ్డారు. ఆ రోజంతా ఎగరలేదు.

"జడుసుకున్నట్టున్నారు," అంది భార్య.

కొలతలు లేకపోతే కుట్టు లేదు. టైలరు మిషను మీద గుడ్డ కప్పి, ఖాతాదార్లందరికీ ఫోన్లు చేసి మళ్ళీ రమ్మన్నాడు. పుస్తకం తడిసిందని చెప్పుకోవడానికి నామోషీ. అందుకని, ఒకసారి సరిచూసుకుందామని అన్నాడు. బుధవారం అందరికంటే ముందు లాయరు దిగాడు.

"పదేళ్ళుగా నా కొలత మీ దగ్గరుంది. ఇప్పుడు మళ్ళీ ఎందుకు? నేను లావయ్యానని ఎవరన్నా అన్నారా?"

అబ్బే, ఎవరూ అనలేదన్నాడు టైలరు. ఆ తడబాటుతో లాయరు అనుమానం రూఢి అయింది. పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు అది చూసి, వాళ్ళూ లాక్కున్నారు. ఆ పూట షాపులో ఎవరూ ఊపిరి వదల్లేదు. టైలరు లోలోపల లెక్క వేసుకుని, ఒక్కొక్కరికి నాలుగేసి వేళ్ళు కలిపి రాసుకున్నాడు.

ఈలోగా రెండో మూత కోయించేటప్పుడు ముగ్గురూ మొదటిదానికి విడివిడిగా పశ్చాత్తాపపడ్డారు. చిన్నదైంది తన వల్లేనని టైలరు ఈసారి నాలుగు వేళ్ళు కలిపాడు. తప్పు తనదేనని మేస్త్రి ఏమీ తగ్గించకుండా, ప్రాయశ్చిత్తంగా తనవి రెండు చేర్చాడు. తన మాట వల్లే ఇంత జరిగిందని భార్య మళ్ళీ వెళ్ళి, ఇంకో రెండు కలపమని, ఆ మాట కూడా ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. ఈ మూతకు బదులు మేస్త్రికి ఒక చొక్కా కూడా ఒప్పందమైంది.

సాయంత్రం మేస్త్రి మోసుకొచ్చింది మూత కాదు, భోజనాల బల్ల. తొట్టె మీద పెడితే ఒక పక్కకు జానెడు బయటికి వచ్చింది. కోటు ఇచ్చేదాకా కదలనని కూర్చున్న లాయరు దాన్ని నిజంగానే బల్ల అనుకుని ఆ అంచు మీద తన ఫైళ్ళు పెట్టాడు. అవతలి అంచు పైకి లేచింది. ఫైళ్ళు నేల మీద, గాజు గాల్లో. టైలరు ఒక మూల, భార్య ఒక మూల, మేస్త్రి ఒక మూల పట్టుకున్నారు. ఎవరు వదిలినా దొరగారి నెత్తినే. కదిలే దారి లేదు.

వృత్తి ధర్మం ప్రకారం లాయరు లేచి నిలబడ్డాడు. "ఇది ఇంత పెద్దది ఎలా అయింది? ఎవరెన్ని వేళ్ళు కలిపారు? ఒకరి తర్వాత ఒకరు చెప్పండి."

చేతులు లాగుతుంటే అబద్ధం ఎక్కువసేపు నిలవదు. నాలుగు, అన్నాడు టైలరు. రెండు, అన్నాడు మేస్త్రి, ఇంకో రెండు ఎవరివో చెప్పకూడదని కళ్ళు దించుకుంటూ. భార్య నిట్టూర్చి తనవి ఒప్పుకుంది. మొదటి మూత సంగతి కూడా ఆ వెంటనే బయటపడింది.

"అంటే మొన్న నువ్వు నోరు మూసుకునుంటే సరిపోయేది," అన్నాడు టైలరు.

"మీరు కొలిచిందే కొలిచినట్టు రాసుంటే నేను నోరు తెరవాల్సిన పనే లేదు," అంది భార్య.

"ముందు దీన్ని దించండి, తల్లీ," అన్నాడు మేస్త్రి.

లాయరు నాలుగో మూల పట్టాడు. గాజు క్షేమంగా నేలకు దిగింది. ఇక భార్య ఎవరినీ అడగలేదు. పాత పేపరు తీసి తొట్టె మీద పరిచి, అంచు వెంట గోటితో నొక్కి, ఆ మడత మీదుగా కత్తెర నడిపింది. చొక్కాకు పేపరు కటింగు తీసినట్టే. మేత వేయడానికి ఒక మూల చిన్న ముక్క తీసేసింది. "దీనికి ఒక్క వేలు కలిపినా, తీసినా నేను పుట్టింటికి పోతా," అని కాగితం మేస్త్రి చేతిలో పెట్టింది.

చిన్నదాన్ని పెంచలేం కానీ పెద్దదాన్ని తగ్గించొచ్చు. మేస్త్రి ఆ కాగితం చుట్టూ గీత గీసి, కోసి, చేతికి గీసుకోకుండా అంచులు రాయి మీద అరగదీశాడు. ఎత్తడానికి పిడిగా టైలరు ఒక నల్లటి కోటు గుండీని గమ్ముతో అంటించాడు. గురువారం పొద్దున మూత తొట్టె మీద కూర్చుంది. దువ్విన జుట్టులా కూర్చుంది. మొత్తం ఖర్చు ఒక ప్యాంటు, ఒక చొక్కా, ఒక గుండీ. దొరగారు నిశ్చలంగా ఉన్నారు. టైలరు మూడుసార్లు మూత తీసి, మూడుసార్లు పెట్టి చూసుకున్నాడు.

పదిన్నరకు అక్క వచ్చింది. ముందు చేపను చూసింది, తర్వాత మూతను.

"ఇదేంట్రా?"

దొరగారు ఎగురుతున్నారని, ఈ మూతే కాపాడిందని టైలరు గర్వంగా చెప్పాడు. అక్క నమ్మలేదు. "మూడేళ్ళలో మా ఇంట్లో ఒక్కసారి ఎగరలేదు. మూతా లేదు, గీతా లేదు. నీ దగ్గరికొస్తేనే అన్నిటికీ రెక్కలొస్తాయేంట్రా? ఆ రోజు చిలుక..."

చిలుక రాగానే టైలరు మిషను వైపు తిరిగాడు. కోటు కోసం లాయరు ఎదురుగానే కూర్చున్నాడు, అది ఒక సాకు. మిషను మీది గుడ్డ తీసి, మోటారు పెడలు నొక్కాడు. మిషను గుర్రుమంది. బల్ల వణికింది. నీళ్ళు వణికాయి. దొరగారు లేచి మూతకు టక్కున తగిలారు.

పెడలు వదిలాడు. దొరగారు సర్దుకున్నారు. నొక్కాడు. టక్.

"ఇంకోసారి," అన్నాడు లాయరు.

టక్.

అందరూ మిషను వైపు చూశారు. సోమవారం తొమ్మిదిన్నర తర్వాత అది తిరగడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత అందరూ తొట్టె ఉన్న చోటు వైపు చూశారు. ఆ చోటు ఎవరు ఎంచారో షాపులో అందరికీ గుర్తే.

"బల్ల ఊగుతుందని చెప్పొచ్చు కదరా," అంది అక్క.

"కళ్ళెదురుగా ఉండాలన్నావు కదక్కా."

ఆవిడ దొరగారిని చూసింది. ఒక్క పొలుసు రాలలేదు. తమ్ముడి వేళ్ళ మీద గమ్ము ఎండిపోయి ఉంది. ఆవిడ గొంతు తగ్గింది. "సరేలే. ఆ చిలుక సంగతి ఇక ఎత్తను."

ముప్పై ఏళ్ళ కేసు కొట్టేశారని లాయరు ప్రకటించాడు. భార్య అందరికీ టీ తెప్పించింది. తొట్టెను నలుగురూ పట్టి ఆటోలో ఎక్కించారు. మూత కూడా తీసుకెళ్ళమంటే అక్క వద్దంది, తన ఇంట్లో మిషను లేదుగా.

ఇప్పుడా గాజు పలక బల్ల మీద కొత్త కొలతల పుస్తకాన్ని కప్పి ఉంటోంది. మిషను రోజంతా ఆడుతున్నా, పుస్తకం ఇంతవరకు ఒక్కసారి కూడా ఎగరలేదు.