ఆపరేషన్ థియేటర్ లాంటి బాత్రూం

ఆ ఆదివారానికి జయకుమారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున చర్చికి వెళ్లి రావాలి. పలావు వండాలి. సాయంత్రం నాలుగింటికి కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన జరిపించాలి. ఈలోగా ఎవరినీ బాత్రూంలోకి వెళ్లనివ్వకూడదు.

ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగిన మరుసటి ఏడాది జనక్‌పురిలో లాటరీ మీద వచ్చిన ఫ్లాటు అది, రెండో అంతస్తులో. జయకుమారి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, భర్త సిలాసు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. సరోజినీ నగర్ క్వార్టరులో ఇన్నేళ్లూ సిమెంటు గచ్చు మీద కాళ్లు కడుక్కున్న జయకుమారి, సొంత ఇంట్లో బాత్రూం ఆపరేషన్ థియేటర్‌లా ఉండాలని పట్టుబట్టింది. గోడలకు తెల్ల టైల్స్, నేలకు తెల్ల టైల్స్. ఆ సంగతి డ్యూటీ గదిలో అందరికీ చెప్పింది. గుంటూరులో తనకు నర్సింగు నేర్పిన మేట్రన్ దయావతి గారికీ కబురు పంపింది. ఏదో సమావేశానికి ఢిల్లీ వచ్చిన ఆవిడ, ప్రార్థనకు వస్తానని మాటిచ్చారు.

దయావతి గారు ఎవరినీ పొగడరు. వార్డులోకి వచ్చి, కిటికీ చట్రం మీద వేలితో గీసి, వేలు చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోతే అదే మెచ్చుకోలు. శిక్షణ కాలమంతటిలో జయకుమారికి అది ఒక్కసారీ దక్కలేదు. నిరుడు తల్లి పోయాక, తను చేసిన పని బాగుందో లేదో చెప్పే హక్కున్న మనిషి ఆమెకు ఈవిడ ఒక్కరే మిగిలారు.

ఆవిడకు చూపించాల్సిన ఆ బాత్రూం తాపీ మిస్త్రీ రామ్‌ధనీ చేతిలో పడింది. ఏమడిగినా "హో జాయేగా", అంటే అయిపోతుందిలే, అనడం అతని పద్ధతి. గోడ మీద టైల్స్ వరస మూల దగ్గరికి వచ్చేసరికి పట్టాలు మారిన రైలులా పక్కకు తప్పుకుంది. నేల వాలు తూము వైపు కాకుండా గుమ్మం వైపు వచ్చింది. ఇక టైల్స్ మధ్య సందుల్లో నింపే తెల్ల సిమెంటు కాస్త పసుపుపచ్చగా ఉందని సిలాసుకు అనుమానం కలిగింది. వాళ్ల ఊళ్లో ఇంటికి వెల్ల వేసేటప్పుడు సున్నంలో ఒక చుక్క నీలిమందు కలుపుతారు. తెలుపు మెరుస్తుంది. ఆ జ్ఞానంతో సిలాసు బట్టల నీలిమందు సీసా తెచ్చి, ఎవరూ చూడకుండా తడి సిమెంటులో ఒక మూత పోశాడు. సీసా అక్కడ కనబడటంతో, ఇది తన కోసమే పెట్టారనుకుని మిస్త్రీ ఇంకాస్త పోశాడు. అదే వెల్ల, అదే సున్నం చూసి పెరిగిన జయకుమారి డ్యూటీ దిగి వచ్చి, మొగుడికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అని తనూ ఒక మూత పోసింది. తలా ఒకసారి ఉప్పేసిన కూర సంగతి అందరికీ తెలిసిందే.

"తెల్లగా ఉండాలన్నాను కదా భయ్యా. ఇదేంటి, ఆకాశంలా ఉంది" అంది జయకుమారి శనివారం సాయంత్రం.

"ఎండితే తెల్లబడుతుంది బహన్‌జీ, హో జాయేగా. సోమవారం దాకా నీళ్లు మాత్రం తగలనివ్వకండి" అని మిస్త్రీ సంచీ సర్దుకున్నాడు.

అందుకే జయకుమారి బాత్రూం గడియకు తాడు కట్టి, ఎదురుగా బియ్యం డబ్బా జరిపింది.

దయావతి గారు మూడింటికే వచ్చేశారు. జయకుమారి వంటింట్లో పలావు దమ్ము మీద ఉంది. తలుపు తీసింది సిలాసు.

"కాళ్లు కడుక్కోవాలి నాయనా. ఆ తెల్ల బాత్రూం ఏదీ?"

సిలాసు నోరు తెరిచి, ఆవిడ కళ్లద్దాలు చూసి మూసేశాడు. డబ్బా జరిపాడు. తాడు విప్పాడు.

కాసేపటికి ఆవిడ బయటికి వచ్చి, గుమ్మం పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. రెండంతస్తులు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. సరిగ్గా అప్పుడే, ఆవిడ దగ్గరే చదువుకున్న మరో ఇద్దరు నర్సులు కాంతమ్మా, అన్నమ్మా లోపలికి వచ్చారు. కాంతమ్మ నమస్కారం పెట్టబోయి చేతులు గాలిలోనే ఆపింది.

"అన్నమ్మా, మేడమ్ గోళ్లు చూడవే."

"పెదాలు కూడా నీలంగా ఉన్నాయి. కాళ్లు చూడు, పాదాల దాకా దిగింది."

ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే మనిషి అలాగే నీలబడతాడని వాళ్లకు నేర్పింది ఆవిడే. జయకుమారి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. దయావతి గారు ఏదో చెప్పబోయారు.

"మాట్లాడొద్దు మేడమ్. ఆయాసం ఉన్నవాళ్లని మాట్లాడనివ్వకూడదని మీరే చెప్పారు" అంది జయకుమారి.

దయావతి గారు నోరు మూసుకున్నారు. ఎందుకో కళ్లు కూడా మూసుకున్నారు.

"జయా, అది బాత్రూంలో..." అన్నాడు సిలాసు.

"బాత్రూంలోనే వచ్చుంటుంది. మీరు అడ్డం లేవండి. పై అంతస్తు భీమేశ్వరరావు గారి ఫియట్ అడగండి."

"అది కాదు, నేను సిమెంట్లో..."

"ఏమండీ, కారు."

సిలాసు కారు కోసం వెళ్లాడు. ముగ్గురు నర్సులూ మేట్రన్ గారిని కుర్చీతో సహా ఎత్తారు. మెట్ల మలుపులో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకుండా కాంతమ్మ వెనక్కి తగ్గింది, అన్నమ్మ మోచెయ్యి గోడకు ఆనించింది, జయకుమారి కిందమెట్టు మీద నిలబడి బరువంతా తన భుజం మీదికి తీసుకుంది. కుర్చీ ఒక్కసారీ ఒరగలేదు. ఎదురుగా ఎక్కుతున్న పాస్టరు జాన్‌బాబు గారు ఆ ఊరేగింపును చూసి, చెప్పులు విడిచి, తాను సిద్ధం చేసుకున్న గృహప్రతిష్ఠ వాక్యం మాని, చివరి ఘడియలకు తగిన వాక్యం అందుకున్నారు. అది విని వెనకాల వస్తున్న అతిథుల్లో ఇద్దరు ఏడుపు మొదలుపెట్టారు. ఫియట్ కదిలింది. ప్రార్థనకు వచ్చినవాళ్లంతా ఆటోలెక్కి దాని వెంటబడ్డారు. ఇంట్లో పలావు ఒంటరిగా మాడింది.

మార్కెట్ దగ్గరి చిన్న నర్సింగ్ హోములో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. అతను నోరు విప్పేలోగా ఆక్సిజన్ మాస్కు మేట్రన్ గారి ముఖం మీద ఉంది, నాడి అన్నమ్మ వేళ్ల కింద ఉంది, బీపీ పట్టీ కాంతమ్మ చుట్టేసింది. డాక్టరుకు మిగిలిన పని ఒక్కటే. రక్తపరీక్ష కోసం వేలు గుచ్చుదామని దూదిని స్పిరిటులో ముంచి ఆ వేలిని తుడిచాడు.

దూది నీలంగా మారింది. వేలు మామూలుగా ఉంది.

గుమ్మం దగ్గర పాస్టరు గారి వాక్యం ఆగిపోయింది. జయకుమారి ఆ దూదిని చూసి, తర్వాత భర్తను చూసింది.

"నేను ఒక్క మూతే పోశాను" అన్నాడు సిలాసు.

"మీరు కూడానా" అంది జయకుమారి, నోరు జారి.

దయావతి గారు మాస్కు తామే తీసి లేచి కూర్చున్నారు.

"నీళ్లన్నీ గుమ్మం దగ్గర నిలబడ్డాయే జయా, నీలం మడుగులా. సందుల్లో పని ఎలా ఉందో అని గోళ్లతో గీసి చూశా. ఆ చెయ్యి మరిచిపోయి మొహం తుడుచుకున్నా. సబ్బు అడుగుదామని బయటికొస్తే మాట్లాడొద్దన్నావు."

"మేడమ్, అంటే మీకు ముందే తెలుసా?"

"గోరు గీసినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేంటి?"

ఆవిడ తన నీలి పాదాలకేసి చూసుకున్నారు.

"ఎంతమందికో నేర్పాను, రోగిని మెట్ల మీద ఎలా దించాలో. నన్నెవరూ ఎప్పుడూ దించలేదు. ఎలా ఉంటుందో చూద్దామనిపించింది." మాస్కు పక్కన పెట్టారు. "ఎక్కడా కుదుపు లేదు. నాడి చూసిన చెయ్యి వణకలేదు. ఒక్కటే తప్పు. ముగ్గురిలో ఒక్కరైనా నా నాలుక చూశారా? నాలుక ఎర్రగా ఉంటే ఆ నీలం లోపలిది కాదు, పైది. ఆ పాఠం రోజు అంతా నిద్రపోయినట్టున్నారు."

ముగ్గురూ తల వంచుకున్నారు.

దయావతి గారు మంచం దిగబోతూ, ఊతం కోసం జయకుమారి భుజం పట్టుకున్నారు. కుర్చీ బరువు మోసిన భుజం అదే. దాని మీద వేలు ఒకసారి ఆనించి, ఆ వేలు చూసుకుని, ఏమీ అనకుండా ముందుకు నడిచారు.

జయకుమారి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ప్రార్థన ఆరింటికి జరిగింది. పలావులో మాడని పైభాగం అందరికీ సరిపోయింది. దయావతి గారు ముందు కుర్చీలో నీలి పాదాలు చాపుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "మా పిల్లలు" అని ముగ్గురినీ పేరు పేరునా చూపించారు. జాన్‌బాబు గారు ఒక్కొక్క గది గుమ్మం దగ్గరా ఆగి చెయ్యెత్తి దీవించారు. బాత్రూం ముందుకు వచ్చేసరికి నేల కేసి ఒకసారి చూసి, చిన్నగా దగ్గి, వంటింటి వైపు మళ్లారు.