పిచ్చమ్మ తిట్ల రీమిక్స్

పదింటికి బుడాన్ కొడుకు పెళ్లి ఊరేగింపులో తన కొత్త పాట మోగించి, మధ్యాహ్నం బిర్యానీ తిని హాయిగా పడుకోవాలన్నది ఆ పొద్దున మాలిక్ ప్లాను.

దర్శి దగ్గరి పల్లెలో సౌండు సెట్టు నడిపే మాలిక్‌కు కంప్యూటర్ కొన్న నాటి నుంచి కాలు నేల మీద నిలవడం లేదు. "బజార్లో దొరికే పాటలొద్దు. ఎవడూ విననిది కావాల. అదిరిపోలేదో, ఈ సీజన్లో ఏ పందిట్లోనూ నీ సెట్టు మోగనియ్యను" అని పత్తి వ్యాపారి బుడాన్ ముందే చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

అతను చెప్పిన వారంలోనే ఎదురింటి పిచ్చమ్మ కోడి పోయింది. ఏదైనా పోతే పేరెత్తకుండా వీధినంతా తిట్టడం ఆ ఊరి ఆనవాయితీ. తగలాల్సినవాళ్లకు అదే తగులుతుంది. పిచ్చమ్మ అరుగెక్కి గంటసేపు తిడితే, మాలిక్ డాబా మీద నుంచి రికార్డు చేసుకున్నాడు. కంప్యూటర్‌లో ఆ గొంతును బెండకాయ ముక్కల్లా తరిగాడు. శుభకార్యం కదా అని శాపనార్థాలు తీసేశాడు. బీటులో ఇమడలేదని కోడి ఊసున్న ముక్కలన్నీ పారేశాడు. మిగిలినవి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ అతికించి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

పెళ్లి రోజు పొద్దున సెట్టు కట్టిన వ్యాను యలమందయ్య ఇంటి ముందుకు రాగానే పాట అందుకుంది.

"నా... నా... నాకు తెలుసు! నీ ఇంట్లోనే ఉంది! తె... తె... తెచ్చి పెట్టు!"

యలమందయ్య ముఖం మాడిపోయింది. లోపలికెళ్లి చేలో పురుగుమందు కొట్టే మిషన్ భుజాన వేసుకొచ్చాడు. "ముందటేడు తీసుకున్నా, ఇచ్చేద్దామనే ఉన్నా పిచ్చమ్మా! దీనికి మైకులో పెట్టాలా?" అని ఊరేగింపులో నడుస్తున్న పిచ్చమ్మ వైపు చూస్తూ వ్యాన్లో పడేశాడు. అది చూసి వెంకటరావమ్మ ఇత్తడి బిందె తెచ్చింది. ఇంకెవరో నిచ్చెన మోసుకొచ్చారు. ఏమీ ఇవ్వకపోతే దొంగ కింద జమ కడతారేమోనని రామాంజనేయులు సొంత రోకలి తెచ్చి పెట్టాడు. చిందులేసే వాళ్లంతా సామాన్ల కోసం ఇళ్లకు పరిగెత్తారు. జీపులో పెళ్లికొడుకు ఒక్కడే మిగిలాడు.

"ఏరా మాలిక్, పెళ్లి ఊరేగింపంట్రా ఇది, పాత సామాన్ల బండంట్రా?" బుడాన్ రంకెలేశాడు.

సీజన్ గంగలో కలిసిందనుకున్నాడు మాలిక్. పాట ఆపబోయేంతలో వాళ్లమ్మ ఖాదర్‌బీ రొప్పుకుంటూ వచ్చి పడింది.

"ఆపరా నాయనా! కన్నతల్లిని ఇట్టా బజారున పెడతావా? పిచ్చమ్మొదినా, నీ కోడిని కోసింది నేనే! మా పెరట్లోకొచ్చింది, వీడికి పులుసంటే ప్రాణం. నాకు రెండు ముక్కలు, మిగతాదంతా వీడే!"

పిచ్చమ్మ మైకు లాక్కుంది. ఈసారి కోత లేదు, అతుకు లేదు. కోడీ, శాపనార్థాలూ, మాలిక్ ఏడు తరాలూ వరసగా వచ్చాయి. డప్పుల వాళ్లు ఆ ఊపు అందుకున్నారు. దొంగ తాము కాదని తేలిన ఊరంతా తెరిపిన పడి చిందులేసింది. బుడాన్ కండువా గాల్లో తిప్పాడు.

"ఇదిరా పాటంటే!"

రెండో కొడుకు పెళ్లికి బుడాన్ పిచ్చమ్మనే మాట్లాడుకున్నాడు. మైకు పట్టుకోవడానికి మాలిక్‌ను కూడా రమ్మన్నాడు.