పలక మీద గుహ అడ్రసు

ఒక పెద్ద అడవిలో బడికెళ్ళే పిల్లలందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చిపడ్డాయి. వాటి వెనకే నక్కలూ వచ్చాయి. "మీకు బహుమతి వచ్చింది, పొద దాటి రండి" అన్న మెసేజీ నమ్మి వెళ్ళిన కోడిపిల్ల ఒకటి తిరిగి రాలేదు. దాంతో విద్యాశాఖకి మెలకువ వచ్చింది. ప్రతి బడీ ఇంటర్నెట్ భద్రతా వారోత్సవం జరపాలనీ, జరిపినట్టు ఫోటోలు పెట్టాలనీ విద్యాధికారి ఏనుగుగారు ఉత్తర్వు ఇచ్చారు.

వాగుగట్టు బడి హెడ్మాస్టరు ఎలుగుబంటి జాంబయ్యగారు ఉత్తర్వులో జరపమన్న ముక్క ఒకసారి, ఫోటోల ముక్క పదిసార్లు చదువుకున్నారు. ఉత్తమ పాఠశాల అవార్డు మీద ఆయనకి ఎన్నాళ్ళనుంచో కన్ను.

పాఠం మాత్రం బాగానే చెప్పారు, పాపం. "ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పేరు చెప్పకూడదు. ఇల్లెక్కడో చెప్పకూడదు. అమ్మ ఫోన్ నంబరు అసలే ఇవ్వకూడదు!" పిల్లలు గొంతు చించుకుని ప్రమాణం చేశారు. అందరికంటే గట్టిగా అరిచింది ఆయన కొడుకు నల్లబాబే. తండ్రి ఛాతీ ఉప్పొంగింది.

తర్వాత ఫోటోలు. ఒట్టి ఫోటో పెడితే పక్కబడి పిల్లల్ని తెచ్చి నిలబెట్టారని ఆఫీసువాళ్ళు అనరూ? అందుకని ప్రతి పిల్లా పలక మీద తన పేరు, ఉండే గుహో తొర్రో, అమ్మ ఫోన్ నంబరు రాసి గుండెలకి ఆనించి పట్టుకోవాలి. ఆ ఫోటోలు అడవంతా చూసే బడి పేజీలో పెట్టాలి.

కుందేలుపిల్ల చంద్రిక ఖాళీ పలక పట్టుకుని నిలబడింది.

"ఏమే, చేతులు పడిపోయాయా?"

"చెప్పకూడదన్నారు కదండీ సార్?"

"అది బయటివాళ్ళకి. ఇది ఆఫీసుకి."

"పేజీ బయటివాళ్ళు కూడా చూస్తారు కదండీ?"

"ఎదురు చెప్తున్నావా? భద్రత పాఠంలో నీకు సున్నా. వెళ్ళి గోడకుర్చీ వెయ్యి!"

మర్నాడు నక్క పరంధామయ్య కాలు మీద కాలేసుకుని ఆ పేజీ తీరిగ్గా చూశాడు. ఇన్నాళ్ళూ పొదపొదకీ తిరిగి కాళ్ళు అరగదీసుకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు. పేజీలోంచే నల్లబాబుకి మెసేజీ పెట్టాడు. "బాబూ, మీది వాగుపక్క రాళ్ళగుహే కదూ? అమ్మ నంబరు ఇదే కదూ? అమ్మకి ఒంట్లో బాగోలేదు. వంతెన దగ్గరికి రా."

నల్లబాబు ఒక్క క్షణం ఆలోచించాడు. ఇన్ని తెలిసినవాడు బయటివాడెలా అవుతాడు? పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.

కాసేపటికి తల్లికి ఫోనొచ్చింది. "పిల్లాడు నా దగ్గరున్నాడు. గుహలో ఉన్న తేనంతా తెచ్చివ్వండి."

జాంబయ్యగారు తేనెపట్టులన్నీ మోసుకెళ్ళి నక్క కాళ్ళ దగ్గర పడేశారు. ఒక చెవి చిరిగి, వెక్కుతూ వచ్చిన కొడుకుని వాటేసుకుని, హెడ్మాస్టరునన్న సంగతి మరిచి భోరున ఏడ్చారు. ఆ వారమంతా ఆయన నోట అవార్డు మాట రాలేదు.

ఆ మాట ఏనుగుగారే తెచ్చారు. "మీ పలకల ఆలోచన అద్భుతం జాంబయ్యా! ఉత్తమ పాఠశాల మీదే. వచ్చే వారోత్సవంలో అన్ని బడులూ ఇలాగే చెయ్యాలి."

అవార్డు ఇచ్చే సభకి ముఖ్య అతిథిని కూడా ఆయనే పిలిపించారు. ఈ రంగంలో అనుభవమున్న నిపుణుడట. శాలువా కప్పించుకుంటూ పరంధామయ్య అందరికీ వినయంగా నమస్కారం పెట్టాడు. జాంబయ్యగారు పళ్ళు నూరారు. కానీ ఏనుగుగారు పక్కనే ఉన్నారు, షీల్డు ఇంకా ఆయన తొండంలోనే ఉంది.

"ఫోటో, ఫోటో! అబ్బాయి చేతిలో పలక ఏదీ?" అన్నారు ఏనుగుగారు.

చెవికి కట్టు కట్టుకున్న నల్లబాబు తండ్రి పక్కకి జరిగి మెల్లిగా అడిగాడు. "నాన్నా, చంద్రికలాగా ఖాళీది పట్టుకోనా?"

జాంబయ్యగారు కొడుకు చెవికేసి చూశారు. షీల్డుకేసి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"రాయి నాన్నా. అడ్రసు కాస్త పెద్దక్షరాలతో రాయి."

నీతి: ముక్కూ మొహం తెలియనివాళ్ళకి మన అడ్రసు మనం చెప్పకూడదు, ఆ పనికి ఆఫీసు ఉంది.