ఉప్పునీళ్ళే కదా!

“ఒక్కటి కూడా బతకలేదు సార్!”

పరిశోధకురాలి కేకకు పెద్దసారు చేతిలో టీ ఒలికింది. నిజానికి ఆ పూట పని చిన్నదే. సముద్రపు బురదలో ఆమె పట్టిన కొత్త బ్యాక్టీరియాను సూక్ష్మజీవుల బ్యాంకుకు సజీవంగా అప్పగించాలి. చచ్చినదాన్ని కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. అవతలి ల్యాబువాళ్ళు అలాంటిదే ఒకటి పట్టుకుని కాచుక్కూర్చున్నారు. తీరా చూస్తే దాన్ని పెంచడానికి కొత్తగా పోసిన ప్లేట్లన్నీ బోడిగుండులా నున్నగా ఉన్నాయి. మిగిలింది ఫ్రిజ్‌లో ఒకే ఒక్క పాత గొట్టంలోని బ్యాక్టీరియా.

“ఇంక్యుబేటర్ ఎవరు ముట్టుకున్నారు?”

“నేను కాదు మేడమ్, మెకానిక్!” అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్.

“నేనొచ్చింది ఏసీకి. ఈ ఫినాయిల్ కంపుకి మనుషులే చచ్చేలా ఉన్నారు, పురుగులొక లెక్కా?” అన్నాడు మెకానిక్.

పెద్దసారు ఫినాయిల్ డబ్బాను బయటికి గిరాటేశాడు. అసిస్టెంట్ అలిగి తాళాలు బల్లమీద పడేశాడు. మెకానిక్ విప్పిన ఏసీని విప్పినట్టే వదిలి నిచ్చెన దిగిపోయాడు. గది పొయ్యిలా కాగిపోతోంది.

ఆమెకు కాలు నిలవలేదు. భర్తకు ఫోన్ చేసింది. ప్లేట్లు పోయడానికి నెలనెలా క్యాన్‌తో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చేది ఆయనే. ఆ కష్టానికి మనసు కరిగి, కొత్త బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టింది.

“ఏమండీ, అర్జెంటుగా ఇంకో క్యాన్! మళ్ళీ ప్లేట్లు పోసి, ఆఖరి గొట్టం వాటిమీదే పూసేస్తాను.”

“ఇదిగో, వచ్చేస్తున్నా!”

సముద్రం గంట ప్రయాణం. మిగిలిన టీ చల్లారేలోపే ఆయన గుమ్మంలో ఉన్నాడు. క్యాన్ అడుగున తెల్లటి పలుకులు కరగకుండా దొర్లుతున్నాయి.

“ఎక్కడివండీ ఈ నీళ్ళు?”

“వంటింటి...” అని నాలుక కరుచుకున్నాడు. “ఈ ఒక్కసారికే... సరే, పోయినసారి కూడా. ఉప్పునీళ్ళే కదా! సముద్రంలో మాత్రం పంచదార ఉంటుందా?”

ఆమె ఆఖరి గొట్టాన్ని గుండెకు హత్తుకుంది. పెద్దసారు మాత్రం ఎగిరి గంతేశాడు.

“అమ్మా! దీని చుట్టాలన్నీ వంటుప్పుతో బతికేస్తాయి. ఇది బతకలేదు. ఇది కొత్త జాతి అనడానికి ఇన్నాళ్ళూ మనకు దొరకని తేడా ఇదే! నిజం నీళ్ళు తెప్పించి మరోసారి చూద్దాం. గొట్టంలో సగం బ్యాంకుకు పంపెయ్. లక్షణాలు చెప్పు, రాసుకుంటా.”

ఆమె భర్త వంక చూస్తూనే చెప్పింది. “గుండ్రం. లేత పసుపు. సొంతంగా కదలదు. సముద్రందాకా ఈడిస్తే తప్ప పనిచేయదు.”

“అది దాని గురించా, నా గురించా?” అన్నాడాయన.

అసిస్టెంట్ బల్లమీది తాళాలు తీసి జేబులో వేసుకుంటూ అన్నాడు:

“పేరొకటే కదండీ. చచ్చిందీ మీరే, చంపిందీ మీరే.”