తువ్వాలు కింద మూడో చెయ్యి

పశువుల సంతలో డిజిటల్ రూపాయి అమల్లోకి వచ్చిన రోజునే, దళారి గౌరునాయుడికి బేరం తువ్వాలు కింద మూడో చెయ్యి తగిలింది.

ఆ సంతలో ధర నోటితో చెప్పే అలవాటు లేదు. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. అమ్మేవాడు ఆ కింద అతని వేళ్లు నొక్కి తనకెంత కావాలో చెబుతాడు. కొనేవాడూ తన వంతు వచ్చినప్పుడు అలాగే నొక్కి తానెంత ఇస్తాడో చెబుతాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే గౌరునాయుడు ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు. సందు పూడిపోతే తన బతుకు అక్కడితో సరి అని అతనికి బాగా తెలుసు.

మూడో చెయ్యి మెత్తగా ఉంది. గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. మణికట్టు దాటి తడిమితే ఏమీ లేదు. తువ్వాలు ఎత్తి చూస్తే కనబడలేదు, కప్పితే మళ్లీ తగిలింది.

"ఎర్రన్నా, రెండు సేతులెట్టినావేటి?" అని అడిగాడు, ఎడ్ల జత అమ్మడానికొచ్చిన రైతును.

"నానొక్కటే ఎట్టాను మావా. రెండో సేత్తో బీడీ కాల్చుకుంతన్నాను, అవుపడ్డం నేదేటి?"

సంత గేటు దగ్గర షామియానా కింద డిజిటల్ రూపాయి మీద అవగాహన శిబిరం నడుస్తోంది. ప్రత్యూష అనే అధికారిణి మజ్జిగ ప్యాకెట్లు పంచుతోంది. గౌరునాయుడు వెళ్లి సంగతి చెప్పాడు. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అది మీ రూపాయి చెయ్యేనండి. ఇదివరకు రూపాయికి చేతులుండేవి కావు. ఇప్పుడు ఇచ్చారు."

"ఫోన్తో గళ్ల బొమ్మ స్కాన్ సేసి డబ్బులేత్తాం, అదేనా తల్లీ?"

"కాదండి. అది బ్యాంకులో ఉన్న మీ డబ్బును కదుపుతుంది. ఇది స్వయంగా డబ్బే."

"అయితే నోటు."

"నోటేనండి. కాయితం ఉండదు, అంతే."

"మరి నా బేరం నోటుకెందుకమ్మా?"

"అక్కర్లేదండి. ఊరికే తెలుసుకుంటుంది."

గౌరునాయుడికి ఒక్కో మాటా విడిగా అర్థమైంది. కలిపి చూసుకుంటే ఏమీ తేలలేదు. విడివిడిగా సరిపోయి మొత్తంలో తేలని లెక్క అతనికి ఎదురవడం అదే మొదలు.

చివర్లో ఆమె, "అవగాహన కలిగినవాళ్లు చేతులెత్తండి" అంది. మజ్జిగ తాగినవాళ్లందరూ ఎత్తారు. వాళ్ల భుజాల మీది తువ్వాళ్లు కూడా, కింద ఎవరో చెయ్యి ఎత్తినట్టు పైకి లేచాయి. ఆమె వాటినీ కలిపి రాసుకుంది. అవగాహన నూటికి నూరు దాటింది.

గౌరునాయుడు తిరిగొచ్చి కొనేవాడైన సత్తిబాబుతో బేరం మొదలుపెట్టాడు. సత్తిబాబు మంచి ధరే నొక్కాడు. గౌరునాయుడు ఎప్పటిలాగే తన సందు మిగుల్చుకుని, ఎర్రన్నకు తక్కువ చెప్పే వేలు నొక్కాడు. మూడో చెయ్యి ఆ వేలిని నెమ్మదిగా విడదీసి, సత్తిబాబు చెప్పిన ధరకు సరిపోయే వేలు పట్టుకుని నొక్కించింది. ఎర్రన్న మొహం వెలిగిపోయింది.

గౌరునాయుడికి నుదుట చెమట పట్టింది. తుడుచుకోవడానికి చెయ్యి బయటికి తీశాడు. తువ్వాలు కింద బేరం ఆగలేదు. సత్తిబాబు తలూపాడు, ఎర్రన్న తలూపాడు, ఎడ్ల పలుపు చేతులు మారింది. గౌరునాయుడు తువ్వాలు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ముగ్గురి ఫోన్లూ మోగాయి.

"డబ్బులు పడ్డాయి మావా! కానీ పశువుల దాణాకే సెల్లుతాయంట" అన్నాడు ఎర్రన్న.

"ఎడ్లు అమ్మేసినావు గదరా."

"అదే నానూ అనుకుంతన్నాను. నీకేటొచ్చింది?"

"తువ్వాలద్దె. తువ్వాళ్లు కొనడానికే సెల్లుతాది."

"పోన్లే, ఏటో ఒకటొచ్చింది గదా."

అదీ నిజమే అనిపించింది గౌరునాయుడికి. ఎర్రన్న దాణా కొట్టువైపు నడిచాడు. గౌరునాయుడు బట్టల కొట్టుకెళ్లి రెండు బేరాలకు ఒకేసారి సరిపోయేంత వెడల్పైన తువ్వాలు ఎంచుకున్నాడు. కొట్టువాడు ధర చెప్పబోయాడు.

"నీకెందుకు స్రెమ? ఆ మూడో సేతికి తెల్సు" అని గౌరునాయుడు కొత్త తువ్వాలు విప్పి, రెండు అంచులూ పట్టుకుని నిలబడ్డాడు.