చేతులెత్తితే మొలిచే మూలిక

సమస్త భవనవాసులకు తెలియజేయడమేమనగా, నేటి నుంచి మన భవనంలో టీ పొడి ఉండదు. ఇంకా ఎవరి వద్దనైనా ఉంటే మెట్ల కింద పెట్టిన నీలం డ్రమ్ములో పోసి ఆరోగ్యవంతులు కాగలరు.

లిఫ్టు పక్కన అంటించిన ఈ ప్రకటనను మూడో అంతస్తు పెద్దమ్మ కూడబలుక్కుని చదివింది. ఆవిడకు చదువు ఎవరూ చెప్పలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు చూసి తనే నేర్చుకుంది. అందుకేనేమో, అచ్చులో ఉన్నదేదైనా ఆవిడకు కాస్త భయం. పైగా ఈ ప్రకటన కింద కార్యదర్శి హోదాలో సంతకం పెట్టింది స్వయానా ఆవిడ కోడలు.

సంఘం అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో తూచడానికి ఏమీ మిగలక కొన్నాళ్లు దిగులుపడి, ఆ తర్వాత ఇరుగుపొరుగుల ఆరోగ్యం మీద పడ్డారు. ఎవరింట్లో వారు మూలికా టీ కాచుకోవాలి, మూలికలు మాత్రం డాబా మీద అందరూ కలిసి పెంచాలి అన్నది వారి పథకం. కుండీలు వచ్చాయి. పుదీనా, నిమ్మగడ్డి, వాము, చామంతి వచ్చాయి. ఒక్కో కుండీకి ఒక్కో పేరు రాసిన చీటీ అంటించారు.

ఎవరికి ఏ టీ పడుతుందో తేల్చే శ్రమను కూడా సంఘమే నెత్తిన వేసుకుంది. రాత్రిళ్లు గొడవపడే రెండో అంతస్తు దంపతులకు నిద్ర టీ రాశారు. ఫలితం అమోఘం. వారు కంటినిండా నిద్రపోయి, తెల్లారి లేచి, రెట్టింపు ఓపికతో పోట్లాడుకుంటున్నారు. లాయరుగారికి రాసిన గొంతు టీని పక్కింటివారి అభ్యంతరం మేరకు రద్దు చేశారు. కింద గదిలో ఉండే దర్జీకి అరుగుదల టీ వచ్చింది. అరగడానికి కడుపులో ఏదో ఒకటి పడాలి కదండీ అని అతను మనవి చేసుకుంటే, ఆ విషయం టీ పరిధిలోకి రాదని సంఘం మర్యాదగా జవాబిచ్చింది.

టీ మానేసినప్పటి నుంచి భవనమంతటికీ తలనొప్పి పట్టుకుంది. కంగారు పడనవసరం లేదని, ఒంట్లోని విషాలు తల గుండా బయటికి పోతున్నాయని అధ్యక్షులవారు ప్రకటించారు. కొందరు పిల్లల మీద చెయ్యి చేసుకున్నారు. విషాలు చేతుల గుండా కూడా పోతాయని సవరణ చేశారు.

ఇంతలో వాన కురిసింది. కుండీల మీద చీటీలు కొట్టుకుపోయాయి. ఏ మొక్క ఏదో తెలియక ప్రజలు అల్లాడిపోతుంటే, సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డాబా మీద సర్వసభ్య సమావేశం పెట్టి ఓటింగు జరిపింది.

"ఇది నిమ్మగడ్డి అనేవారు చేతులెత్తండి" అన్నారు అధ్యక్షులవారు ఒక కుండీ చూపించి. అందరూ ఎత్తారు. పెద్దమ్మ అటూ ఇటూ చూసి తనూ ఎత్తింది. ఆవిడ పక్కన కూర్చున్న చెల్లెలు మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదల్లేదు. ఈ చెల్లెలు కింది అంతస్తులో కూతురి దగ్గర ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ మధ్యాహ్నం అక్క దగ్గరికి వచ్చి టీ తాగి పోయేది.

"ఎత్తవే, అందరూ చూస్తున్నారు" అంది పెద్దమ్మ గుసగుసగా.

"అది ఉత్త గడ్డి అక్కా. మొన్న పిల్లి వచ్చి దాని మీదే పని కానిచ్చి పోయింది, చూడలేదూ?"

"నీకెందుకే ఆ గోల? నష్టమేముంది, ఎత్తితే?"

"టీ పొడి పారెయ్యాలన్న రోజు కూడా ఇలాగే ఎత్తావు. ఇప్పుడు నష్టమేంటో రోజూ మధ్యాహ్నం మనిద్దరం తాగుతున్నాంగా!"

నిమ్మగడ్డి అత్యధిక మెజారిటీతో గెలిచింది. మిగతా మొక్కలు కూడా తమ తమ పేర్లను ప్రజాస్వామ్యబద్ధంగా సంపాదించుకున్నాయి.

ఆ వారమే చెల్లెలి కూతురికి బదిలీ అయింది. దూరపు ఊరు. పెద్దమ్మకు బస్సు ఎక్కాలంటేనే గుండె దడ. ఈ వయసులో విడిపోతే మళ్లీ కలవడం మాటేమిటో ఇద్దరికీ తెలుసు. తెలుసు కనకే ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు.

పెద్దమ్మ దగ్గర ఒక నేరం దాగి ఉంది. సూదులూ దారాలూ పెట్టుకునే డబ్బా అడుగున, చిన్న గుడ్డలో మూటకట్టిన గుప్పెడు టీ పొడి. సామాన్ల వ్యాను వచ్చిన రోజు మధ్యాహ్నం, కోడలు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లిన సమయం చూసి, తలుపు వేసి, కిటికీ కూడా వేసి, ఆవిడ గిన్నె పొయ్యి మీద పెట్టింది. బల్ల మీద రెండు కప్పులు కడిగి పెట్టింది. చెల్లెలు వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"వాసన బయటికి పోతుందేమోనే" అంది పెద్దమ్మ.

"పోనీ. జైల్లో వేస్తారా? వేస్తే ఇద్దరినీ ఒక్క గదిలోనే వెయ్యమను."

తలుపు చప్పుడైంది. వాసన పట్టుకుని అధ్యక్షులవారు మెట్లెక్కి వచ్చారు. నుదుటికి తడిగుడ్డ కట్టుకుని ఉన్నారు.

"ఏం మరుగుతోంది పెద్దమ్మగారూ?"

పెద్దమ్మ గబుక్కున డబ్బా మూత పెట్టేసింది. "మూ... మూలికండీ."

"ఏ మూలిక?"

"మా పుట్టింటి వైపుదండీ. పేరు తెలీదు."

"మరి పాలెందుకు పోశారు?"

"వేడి చేస్తుందనండీ."

"పంచదార?"

"వగరు విరగడానికండీ."

ఆయన బల్ల మీది మొదటి కప్పు అందుకుని నింపించుకున్నారు. తాగారు. కళ్లు మూసుకున్నారు. నుదుటి గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నారు. తర్వాత వరండాలోకి వెళ్లి భవనమంతా వినిపించేలా కేకేశారు.

క్షణాల్లో గది నిండిపోయింది. రెండో కప్పు లాయరుగారి చేతికి వెళ్లింది. గిన్నెలో ఇంకో చెంబు నీళ్లు కుమ్మరించి, డబ్బా అడుగున మిగిలిన పొడి కూడా దులిపి మరిగించి, తలా ఒక గుక్క పంచారు. ఆ రుచి గుర్తుపట్టనివారు ఆ గదిలో ఒక్కరూ లేరు. గుర్తుపట్టానని అన్నవారూ లేరు.

"సోదర సోదరీమణులారా!" అని అధ్యక్షులవారు కుర్చీ ఎక్కకుండానే ఎక్కినంత పని చేశారు. "ఇంతటి దివ్యమూలిక మన మధ్యనే ఉండి మనకు తెలియకపోవడం మన దురదృష్టం. ఈరోజు ఈ చెల్లెలుగారు మనల్ని వదిలి వెళుతున్నారు. అయితేనేం? వారు వెళ్లినా మూలిక మనతోనే ఉంటుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. కింద వ్యాను హారన్ కొట్టింది. ఉపన్యాసంలో ఇంకా మూలిక చరిత్ర, శాస్త్రీయ ప్రయోజనాలు మిగిలి ఉన్నాయి. పెద్దమ్మ జనాన్ని తోసుకుని చెల్లెలి వెనకాలే మెట్లు దిగింది.

వ్యాను పక్కన నిలబడి చెల్లెలు చీర కొంగు సర్దుకుంది. "డబ్బాలో ఏమైనా మిగిలిందా అక్కా?"

"లేదే. ఊడ్చేశారు."

"పోనీలే. వాసనైనా ఇద్దరం కలిసి పీల్చాంగా."

వ్యాను కదిలింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకోవడం పైనుంచి చూసిన అధ్యక్షులవారు, మూలిక ప్రభావం వల్ల విషాలు కళ్ల గుండా కూడా వెళ్లిపోతున్నాయని అక్కడికక్కడే గమనించి అందరికీ చూపించారు.

ఆరోజు గిన్నెలో మిగిలిన పిప్పిని వృథా చేయలేదు. డాబా మీద కొత్త కుండీలో నాటి, పూటపూటా నీళ్లు పోశారు. కొన్నాళ్లకు అందులో ఏదో ఒకటి మొలిచింది. కాస్త నూగుగా, కాస్త ముళ్లుగా ఉంది. కాచి తాగితే నాలుక మొద్దుబారుతోంది. తలనొప్పి మాత్రం అలాగే ఉంది. అయినా పెద్దమ్మ పుట్టింటి మూలిక అంటే గౌరవం కొద్దీ, ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి చెల్లెలు కూర్చునే చోట కూర్చుని, ఆ కషాయం తాగి, తమ రోగాలు చెప్పి పోతున్నారు. పెద్దమ్మ ఎలా ఉందని అడిగే తీరిక వారికి చిక్కడం లేదు.

చెల్లెలు ఫోను చేసింది. "ఇక్కడ టీ బాగానే దొరుకుతోందక్కా. తాగబుద్ధి కావట్లేదు. నీ సంగతేంటి?"

"నాకేమే? ఇల్లంతా జనమే."

నిన్న మళ్లీ సర్వసభ్య సమావేశం జరిగింది. కొత్త కుండీ ముందు నిలబడి అధ్యక్షులవారు గంభీరంగా అడిగారు: "ఇది పెద్దమ్మ మూలికే అనేవారు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. పెద్దమ్మ పక్కకు చూసింది. పక్కన ఖాళీ కుర్చీ. కోడలు తన వైపే చూస్తోంది. పెద్దమ్మ కూడా చెయ్యెత్తింది.

తీర్మానం ఏకగ్రీవం. ఎత్తని చెయ్యి ఆ భవనం మొత్తానికి ఒక్కటే ఉండేది. అది వ్యానెక్కి వెళ్లిపోయింది. ఇంతసేపూ నవ్వుతూ చదివిన మీరు, మీ చెయ్యి ఇప్పుడెక్కడుందో ఒకసారి చూసుకోండి.