రెండో వరస కొమ్మయ్య కవచం

పాచికలు దొర్లించి బల్ల మీద ఆడే యుద్ధం ఆటలో రెండో వరస సైనికుడు కొమ్మయ్య, బొటనవేలంత మనిషి, మంగళవారం పదిన్నరకి ఆయుధాలు, కవచాల సవరణ విభాగానికి వచ్చి, తన తోలు కవచం ఎవరు తీసేశారో చెప్పమని అర్జీ పెట్టుకున్నాడు. మంగళవారం అర్జీల రోజే కాబట్టి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. అలాంటివాళ్ళు ఎక్కడానికి సీనియర్ అసిస్టెంట్ తాతాజీ బల్లకి ఎప్పుడూ ఒక చెక్క స్కేలు ఆనించి ఉంటుంది. కొమ్మయ్య దాని మీదుగా ఎక్కి, ఇంకుప్యాడ్ పక్కన నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు.

తాతాజీ పెన్ను మూతలో మంచినీళ్ళు పోసిచ్చాడు. మనిషి మంచివాడే. ఆ మాటకొస్తే ఆ ఆఫీసులో అందరూ మంచివాళ్ళే, వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆ ఆట మొదట మంచు దేశాల కోటల కోసం రాసింది. దాన్ని మన పాతకాలపు రాజ్యాలకి సరిపడేలా మార్చే పని ఈ విభాగం మీద పడింది. పాతకాలంలో ఒళ్ళంతా కప్పే ఉక్కు కవచాలు ఉండేవి కావు. పైగా మన ఎండలో అవి తొడుక్కుంటే చావడానికి యుద్ధం దాకా అక్కర్లేదు. అందుకని ప్రతి కవచాన్నీ ఒక మెట్టు దించమని ఉత్తర్వు వచ్చింది. ఉక్కు వేసుకునే సేనాపతికి కంచు, కంచు వేసుకునే రౌతుకి తోలు. రాజుగారిది మాత్రం దేవుడిచ్చిన కవచమని ఒక ఉపసంఘం తేల్చింది. దేవుడిచ్చినదానికి ఎండ నిబంధన వర్తించదు. అట్టడుగున తోలు వేసుకునే కాల్బలం దగ్గరికి వచ్చేసరికి ఇక దిగడానికి మెట్టు లేదు.

అక్కడ తాతాజీ కలం ఆగింది. గడి ఖాళీగా వదిలితే ఫైలు వెనక్కి వస్తుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఫైలు ఒక్కటీ వెనక్కి రాలేదు. కాసేపు ఫ్యాను వంక చూసి, ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో ‘ధైర్యం’ అని రాశాడు. ఫైలు మధ్యాహ్నానికల్లా సంతకమై వచ్చింది. పట్టిక చక్కగా ఉందని నకళ్ళు మిగతా శాఖలకి కూడా పంపారు.

“మా తమ్ముణ్ణి మొన్న శనివారం ధైర్యం తొడిగే పంపానండి,” అన్నాడు కొమ్మయ్య. “బాణం ఆగలేదండి.”

“పాచిక ఎంత పడింది?”

“మూడండి. తోలుంటే ఐదు పడితేగానీ పోయేవాడు కాదండి. ఇప్పుడు పెట్టెలో ఉన్నాడు. ఈ శనివారం నా వంతండి.”

తాతాజీకి గుండె కలుక్కుమంది. ఆ గడి నింపింది తానేనని చెప్పబోయి నీళ్ళు నమిలాడు. కాల్బలానికి తోలు తిరిగి ఇవ్వాలని అప్పటికప్పుడు నోట్ రాసి, సూపరింటెండెంట్ భ్రమరాంబ గారి గదికి పట్టుకెళ్ళాడు. ఆవిడ మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివారు.

“తోలిస్తే ఇతను బతుకుతాడు కదండీ తాతాజీ గారూ?”

“బతుకుతాడండి మేడం.”

“ఆట గంటన్నరలో అయిపోవాలని పుస్తకంలో ఉంది. కాల్బలమంతా బతికి కూర్చుంటే రాజుగారు ఇంటికెప్పుడు వెళ్తారు? అలాగని అడిగినవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదు. ధైర్యం ఒకటుంది కదా, రెండు చెయ్యండి.”

ధైర్యం రెండు ఉన్నవాళ్ళు మొదటి వరసలో నిలబడాలన్నది ఏడో నిబంధన. అది తాతాజీకి గుర్తుంది. ఆవిడకీ గుర్తుంది. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

ఉత్తర్వు అందుకుని కొమ్మయ్య రెండుసార్లు చదువుకున్నాడు. “మొదటి వరసంటే పెద్ద హోదా కదండీ,” అన్నాడు చివరికి. “ఇంట్లో చెప్పుకోవచ్చు.” ఇంకుప్యాడ్ మీద అరచెయ్యి అద్ది, కాగితం మీద ముద్ర వేసి, స్కేలు మీదుగా జాగ్రత్తగా దిగి వెళ్ళిపోయాడు.

శనివారం మొదటి పాచికకే మూడు పడింది. సోమవారం ఉదయం పెట్టెలో చేరినవారి జాబితా వచ్చింది. మొదటి పేరు దగ్గర తాతాజీ వేలు చాలాసేపు ఆగింది. ఆయనకి ఏడుపొచ్చింది. స్కేలు తీసి సొరుగులో పెట్టేద్దామనుకున్నాడు గానీ, రేపు మంగళవారమని గుర్తొచ్చి మళ్ళీ ఆనించాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే వీధి మలుపులో మురుగు మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. బనీన్లు వేసుకున్న ఇద్దరు నిలువెత్తు మనుషులు నడుములకి తాళ్ళు కట్టుకుంటున్నారు. మేస్త్రీ ఒక కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

“సార్, తమరు ఆఫీసులో చేస్తారు కదా. ఇది సరిగ్గా ఉందో లేదో కాస్త చూసిపెట్టండి.”

తాతాజీ చదివాడు. పేరు సింహాద్రి, లోతు పన్నెండు అడుగులు. రక్షణ అన్న గడిలో ‘ధైర్యం’ అని ఉంది. జిరాక్సులో కాస్త పలచబడ్డాయి గానీ, ఆ గుండ్రటి అక్షరాలు ఆయనవే. గుండె కలుక్కుమంటుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. కలుక్కుమనలేదు.

“పక్కన ఒకటో రెండో వెయ్యాలి,” అన్నాడు.

“ఇంతకుముందు దిగావట్రా సింహాద్రీ?” అని అడిగాడు మేస్త్రీ.

“నాలుగుసార్లు దిగానండి.”

“అయితే రెండు,” అని మేస్త్రీ అంకె వేశాడు. సింహాద్రి తాడు బిగించుకుని ముందుగా దిగాడు. తాతాజీ కాగితం తిరిగి ఇచ్చేముందు మరోసారి చూశాడు. గడి ఒక్కటీ ఖాళీ లేదు.